పాతర మీద నల్లరాయి

సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్ళు అని పుస్తకాల్లో ఉంది. పక్కవాడిని చూసి ఓర్వలేకపోవడం ఎన్ని పాళ్ళు కలిస్తే నేల కుంగుతుందో మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అందుకని అది నేను రాస్తున్నాను.

నాందేడ్‌లో ముప్పై ఏళ్ళకు పైగా సివిల్ పని చేశాను. డిప్లొమా ఇంజనీరును. మాది తెలుగు ఇల్లు. ఆఫీసుల్లో మరాఠీ, కూలీలతో హిందీ, మేస్త్రీలతో తెలుగు మాట్లాడుతూ నా ఉద్యోగం గడిచిపోయింది. ఎన్ని బిల్డింగులు కట్టానో, ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు వాటితో పని లేదు. ఒక్క ఇంటి సంగతి చెబుతాను. అందులో నేను చేసిన పనికన్నా చెయ్యని పని పెద్దది.

మొదట నేను పాడుచేసినవి

మా దగ్గర పాతకాలపు పెద్ద ఇంటిని వాడా అంటారు. నడుమ ఆకాశం కనబడే వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు, మూరన్నర మందం మట్టిగోడలు. పైకప్పంటే దూలాల మీద పలకలు పరిచి, వాటిపైన జానెడు తెల్లమట్టి. వానల ముందు ఏటా ఒక పొర కొత్తమట్టి వేసుకుంటే ఆ కప్పు తాతల నాటి నుంచి మనవల దాకా ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇవి నాకు పాత చెత్తలా కనబడేవి. గంగ, అంటే మా గోదావరి, ఒడ్డు దగ్గర ఒక వాడాకు మట్టిగోడల మీద సిమెంటు ప్లాస్టరు చేయించాను. అద్దంలా ఉందని ఇంటివాళ్ళు నాకు పెడా తినిపించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి తేమ బయటికి రాలేక గోడలు ఉబ్బి, ప్లాస్టరు రేకులు రేకులుగా ఊడి పడింది. అప్పుడు నా పైన పనిచేసిన ఒక ముసలి ఓవర్సీయరు, మరాఠీ ఆయన, నన్ను ఆ ఇంటి ముందు నిలబెట్టి ఒక మాట చెప్పాడు. ఇంటి గురించి పొద్దున నీకు తెలిసింది సాయంత్రం నీ ఇంటికి మోసుకుపోకు, సైటు మీదే చెప్పి పో అన్నాడు. ఆయన కోపిష్టి, నోరు మంచిది కాదు, మంచి పనిమంతుడు. ఆ మాట నేను నా కింద పనిచేసినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను.

శేట్ గారి వాకిట్లో పాతర

తొంభైల మొదట్లో, పాత నాందేడ్‌లో పత్తి వ్యాపారం చేసే ఒక తెలుగు శేట్ తన వాడా వాకిట్లో షాబాద్ బండలు పరిపించమని నన్ను పిలిచాడు. నాతో పోశెట్టి ఉన్నాడు. పక్కనున్న ఉమ్రి ఊరి మేస్త్రీ, నా వయసువాడే. సున్నం పనిలో అతన్ని మించినవాణ్ణి నేను చూడలేదు.

మట్టి చదును చేస్తుంటే పోశెట్టి గడ్డపార ఒకచోట డొల్లగా మోగింది. తవ్వి చూస్తే జొన్నల పాతర. కరువుకాలం కోసం నేలలో గింజలు దాచుకునే గొయ్యి. పైన మూతి చిన్నది, లోపల కడవ పొట్టలా వెడల్పు. ఒక రోజంతా మూత తీసి వదిలేసి, మర్నాడు తాడుకు దీపం కట్టి దించాం. లోపల గాలి చెడి ఉంటే దీపం ఆరిపోతుంది. ఆరితే మనిషి దిగకూడదు. దీపం నిలిచాక పోశెట్టి దిగి కొలిచాడు. పన్నెండు అడుగులు.

మట్టితో నింపేద్దామని నేనంటే శేట్ ఒప్పుకోలేదు.

"నింపుడేంది సాబ్? మా తాత గింజలు పోసిన తావు. ఉత్త పాతర పూడిస్తె ఇంట్ల అన్నం నిలువదంటరు. మీద బండ ఎయ్యుండ్రి, సాలు."

మూతి మీద రెండు బండలు అడ్డంగా వేసి, పైన షాబాద్ పరిచాం. మనుషులు నడవడానికి, మంచాలు వేసుకోవడానికి అది సరిపోతుంది. ఈ సంగతి తెలిసింది ముగ్గురికే, శేట్‌కు, నాకు, పోశెట్టికి. కొన్నేళ్ళకు శేట్ పోయాడు. పోశెట్టి ఉమ్రిలో సొంత పనులు చూసుకుంటున్న రోజుల్లో, వేరే మేస్త్రీతో నేను అదే వాకిట్లో మురుగునీళ్ళ మోరీ బాగుచేయించాను. అప్పుడు కూడా పాతర జోలికి పోలేదు.

పిల్ల వచ్చి గుడ్డును వెక్కిరించినట్టు

పోశెట్టి కొడుకు రమేశ్ పదో తరగతి పాసైనప్పుడు వాణ్ణి ఏం చదివించాలని పోశెట్టి నన్నే అడిగాడు. డిప్లొమా చాలు, నాకేం తక్కువైందన్నాను. పోశెట్టి తల ఊపి వెళ్ళి, కొడుకును పుణెకు పంపి ఆర్కిటెక్టును చేశాడు. నా కొడుకు డిప్లొమా రెండో ఏడులో ఆగిపోయి మా ఊరి వజీరాబాద్ బజారులో ఒక మొబైల్ దుకాణంలో కూర్చున్నాడు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

రెండు వేల సంవత్సరం దాటాక, శేట్ కొడుకు విఠల్ శేట్ వాడాను కొత్త ఇల్లు చెయ్యాలనుకున్నాడు. ముందు నన్నే పిలిచాడు. మొత్తం పడగొట్టి రెండంతస్తుల స్లాబు, పాలరాయి, ముందర నాలుగు గుండ్రటి స్తంభాలు గీసి ఇచ్చాను. నెల తర్వాత మళ్ళీ పిలిచి పని రమేశ్‌కు ఇచ్చామని, నేను రోజూ సైటు చూసుకోవాలని చెప్పాడు.

అంటే నా మేస్త్రీ కొడుకు గీస్తాడు, నేను గీత మీద నడవాలి. అయినా ఒప్పుకున్నాను. దగ్గరుండి తప్పులు పట్టవచ్చునని ఒప్పుకున్నాను.

మొదటి రోజే రమేశ్ వాకిట్లో నిలబడి, "సార్, ఈ ఇంట్ల మనం కొత్తగ పెట్టేదేం లేదు. ఎక్కువైంది తీసేద్దాం, అంతే" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. తీసెయ్యడానికి పుణెలో చదవాలా అనుకున్నాను. కాని తీస్తూ పోతే తెలిసింది. రేకుల షెడ్లు పోయాయి. ప్లైవుడ్ అడ్డుగోడలు పోయాయి. స్తంభాల మీద ఆకుపచ్చ రంగు, దాని కింద నీలం, దాని కింద చాక్లెట్ రంగు, ఏడు పొరలు గీకితే టేకు బయటపడింది. గోడలకు పోశెట్టి సున్నం రుబ్బాడు. కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి రుబ్బి, పూసి, నున్నటి రాయితో రుద్దితే గోడ గుడ్డుపెంకులా తెల్లగా మెరిసింది. అల్మారాలు లేవు, గోడల్లో పాత గూళ్ళే అల్మారాలు. కుర్చీలు సోఫాలు లేవు. గదికి ఒక చాప, ఒక పీట.

పక్కింటి ముసలమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చి నాలుగు పక్కలా చూసింది.

"సామానంత ఏమాయె బిడ్డా, దొంగలు వడ్డరా?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఒక్కణ్ణే ఆ గదిలో నిలబడ్డాను. పడమటి వెలుతురు ఒక గూట్లోంచి వచ్చి ఎదురు గోడ మీద పడింది. చూడటానికి ఇంకేమీ లేదు కాబట్టి దాన్నే చూస్తూ ఉండిపోయాను. నా చేతిలో ఎన్నో వాడాలు పోయాయి, ఒక్కదాంట్లో కూడా ఆ వెలుతురును నేను చూడలేదు. ఇది బాగుందని ఒప్పుకోవడం కన్నా పళ్ళు పీకించుకోవడం నయమనిపించింది.

ఆదివారాలు పని లేనప్పుడు వెళ్ళి గోడలకు లంబం గుండు వేలాడదీసి చూసేవాణ్ణి. ఒక్క గోడైనా వంకర తేలితే ఆ రోజు నాకు అన్నం సహించేది. ఒక్కటీ తేలలేదు. పూసింది పోశెట్టి కదా.

స్టీలు గ్లాసు

వాకిట్లో ఏమీ ఉండకూడదు, ఒక్క నల్లరాతి అరుగు తప్ప అన్నాడు రమేశ్. ఎనిమిది అడుగుల ఏకరాయి. క్వారీలో తనే ఎంచి వచ్చాడు. మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుందో వారం రోజులు చూసి, వాకిట్లో సుద్దతో గీత గీశాడు.

ఆ గీత సరిగ్గా పాతర మూతి మీద పడింది.

నేను నోరు తెరిచాను. చెప్పేవాణ్ణే. అప్పుడే లోపలి నుంచి టీ వచ్చింది. విఠల్ శేట్ తన చేత్తో రమేశ్‌కు కప్పూ సాసరూ అందించాడు. నాకు, కూలీలకు పళ్ళెంలో స్టీలు గ్లాసులు. ఆ ఇంట్లో పదేళ్ళుగా నేను కప్పూ సాసరులోనే తాగాను. శేట్ కావాలని చేసి ఉండడు. ఇంట్లో సామాను తగ్గించారు కదా, కప్పులు రెండే మిగిలి ఉంటాయి. ఇప్పుడు ఇంత తెలివిగా రాస్తున్నాను, ఆ క్షణాన ఒళ్ళు భగ్గుమంది.

"ఇంజనీర్ సాబ్, రాయికి నేల ఆగుతదా?" అని శేట్ అడిగాడు.

"రమేశ్‌కే ఎరుక. సదువుకున్నోడు" అన్నాను.

రమేశ్ అడగలేదా అంటారేమో. అడిగాడు. కింద ఏముందని అడిగితే గట్టి నేల అన్నాను. అతను నమ్మాడు. నా మాట మీద నమ్మకంతో గొయ్యి తవ్వి చూడలేదు. అది ఆర్కిటెక్టుగా అతని తప్పే, కాదనను. కాని ఆ తప్పు అతనితో చేయించింది నేను.

నేను అనుకున్నది ఇది. రాయి దించుతారు, కింద బండలు పగులుతాయి, రాయి ఒకవైపు ఒరుగుతుంది. ఊరు నవ్వుతుంది. శేట్ నా వైపు తిరిగి, సాబ్ మీరే చూసుకోండి అంటాడు. మనిషి ఎవరైనా అక్కడ నిలబడి ఉంటారన్న ఆలోచన నాకు రాలేదు. నాలుగు రోజులు నాకు మంచి నిద్ర పట్టింది.

తల ఊపాను

రాయి వచ్చింది. ఎనిమిది మంది గుండ్రటి కర్రల మీద దొర్లించుకుంటూ వాకిట్లోకి తెచ్చారు. మట్టం చూడటానికి పోశెట్టి వచ్చాడు. అతను ఆ రోజు రావలసిన అవసరం లేదు. కొడుకు రాయి దించుతుంటే చూడాలని వచ్చాడు.

సుద్దగీత చూసి ఆగాడు. నా వైపు చూశాడు.

"సాబ్, దించుమంటరా?"

ఆ ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న ఉంది. పాతర నింపించారా అని అడుగుతున్నాడు. నలుగురి ముందు, శేట్ ముందు, పాతర మాట ఎత్తితే పెద్ద ఇంజనీరు దాచాడన్నట్టు అవుతుందని మాట మింగి అడుగుతున్నాడు. మా వైపు మేస్త్రీలకు అదొక పద్ధతి. సాబ్ చెప్పని మాట సాబ్ ఎదుట మేస్త్రీ చెప్పడు. నేను చెప్పలేదంటే, తను లేని రోజుల్లో మోరీ పని చేయించినప్పుడు నింపించి ఉంటానని అనుకున్నాడు. నా మీద అతనికి ఉన్న నమ్మకం అది.

అప్పుడైనా చెప్పవచ్చు. చెబితే, నాలుగు రోజులు ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. తల ఊపాను.

పోశెట్టి రాయి కొసన గొంతుక్కూర్చుని మట్టం పెట్టాడు. కర్రలు తీశారు. రాయి బరువు నేలకు తగిలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు, ఎవరో కొబ్బరికాయ కొట్టినట్టు వినబడింది. అంతే, ఆ కొస కిందికి దిగింది, పోశెట్టి కనబడలేదు. అంచులు విరిగి వెడల్పైన గొయ్యి మూతికి రాయి అడ్డంగా ఇరుక్కుని ఆగింది. పూర్తిగా పడి ఉంటే అతను దాని కిందే ఉండేవాడు.

"నాయనా" అంటూ రమేశ్ దూకబోయాడు. నేను అతని నడుము పట్టుకుని వెనక్కి గుంజాను.

"దిగకు. పన్నెండు అడుగుల పాతర. లోపల గాలి చెడ్డదుంటది. నువ్వు గూడ పోతవ్."

కూలీలు రాయి జారకుండా తాళ్ళు కట్టి పట్టుకున్నారు. ఒక గొడుగు విప్పి తాడుకు కట్టి గొయ్యిలో పైకీ కిందికీ ఆడించాం, గాలి మారాలని. దీపం దించాం. నిలిచింది. రమేశ్ నడుముకు తాడు కట్టి దించాం. పోశెట్టి విరిగిపడిన మట్టి కుప్ప మీద ఉన్నాడు, స్పృహలోనే ఉన్నాడు. ఒక తలుపు రెక్క మీద పడుకోబెట్టి కట్టి పైకి లాగాం. తొడ ఎముక విరిగింది.

వాకిట్లో అందరూ ఉన్నారు. రమేశ్ ఒళ్ళంతా మట్టి. నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"పన్నెండు అడుగులని మీకెట్ల ఎరుక సార్?"

నేను చేతిలోని తాడు చుట్టసాగాను. తలుపు మీద నుంచి పోశెట్టి మాట్లాడాడు.

"సాబ్ నాకు మొన్ననే చెప్పిండు బిడ్డా. నీకు చెప్పుమన్నడు. నేనే మరిచిన."

విఠల్ శేట్ పోశెట్టిని తిట్టాడు. ముసలితనం వచ్చింది, బుర్ర పని చేస్తలేదు, ఇంట్ల కూసోరాదా అని తిట్టాడు. పోశెట్టి కళ్ళు మూసుకుని ఆ తిట్లన్నీ పడ్డాడు. నేను పక్కనే నిలబడి అంతా విన్నాను. ఆ తర్వాత రమేశ్ నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు ఆపకపోతే నేను గూడ పోదును సార్" అన్నాడు.

ఇల్లు పూర్తయింది

పోశెట్టి కర్ర పట్టుకుని నడిచే దాకా కోలుకున్నాడు. గోడ ఎక్కే పని మళ్ళీ చెయ్యలేకపోయాడు. సున్నం పూసిన చేతులు ఊరికే ఉండలేక ఇంట్లో తన గోడలకే పూసుకుంటూ ఉండేవాడని విన్నాను. చూడటానికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ నేను ఆ మాట ఎత్తబోతే, చాయ్ తాగుండ్రి సాబ్ అని ఆపాడు.

రమేశ్ పాతరను శుభ్రం చేయించి, చుట్టూ రాయి కట్టి, కప్పు మీది వాననీళ్ళు అందులోకి మళ్ళించాడు. ఎండాకాలం నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో ఆ ఇంటికి నీళ్ళ బాధ పోయింది. నల్లరాయి నాలుగడుగులు పక్కకు జరిగింది. ముంబయి నుంచి వచ్చి ఫొటోలు తీసుకుపోయారు. పత్రికలో రమేశ్ పేరు కింద, స్థానిక ఇంజనీరుగా నా పేరు కూడా వేయించాడు. పోశెట్టి పేరు లేదు. వద్దన్నాడట.

ఆ తర్వాత రమేశ్ నాందేడ్‌లో ఏ పని పట్టినా సైటు నాకే ఇచ్చాడు. రోడ్లు వెడల్పు చేస్తూ ఊరంతా వాడాలు సగం సగం నరుకుతున్న రోజుల్లో, మిగిలిన సగాలను నిలబెట్టే పని మాకు చేతినిండా ఉండేది. మంచి పనులు చేశాం. ప్రతి ఇంట్లోనూ నేను ముందు గడ్డపారతో నేల కొట్టి చూసేవాణ్ణి, విన్నది విన్నట్టు చెప్పేవాణ్ణి. దీన్నిబట్టి నేను మారిపోయానని అనుకోవద్దు. రమేశ్ గీసిన ప్రతి గీత చూసి, ఇది నాకెందుకు తోచలేదని కుళ్ళుకుంటూనే ఉన్నాను. మనసు ఎట్లా ఉన్నా నోరు తెరిచి చెప్పాల్సింది చెప్పవచ్చు. నేను నేర్చుకున్నది అంతవరకే, మీరూ అంతవరకైనా నేర్చుకోండి.

చెప్పాను

పోశెట్టి పోయాడు. దినాలు అయ్యాక రమేశ్ ఆఫీసుకు వెళ్ళాను. నేనూ పని మానుకునే వేళ అయింది. తలుపు వేసి కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. సుద్దగీత, స్టీలు గ్లాసు, తల ఊపడం, అన్నీ.

రమేశ్ కాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు.

"నాకెరుకే సార్" అన్నాడు. "మా నాయన ముప్పై ఏండ్ల కింద కట్టిన గోడ ఎన్ని మూరలో గూడ చెప్పేటోడు. పాతర మరుస్తడా?"

"ఎప్పటి సంది ఎరుక?"

"ఆ దినమే. తలుపు మీద పండుకొని చెప్పినప్పుడే."

"మరి ఇన్నేండ్లు నాకు పనెందుకిచ్చినవ్?"

"మీకు పని బంద్ జేస్తే మా నాయన అబద్ధమాడిండని నేనే ఊరికి చెప్పినట్టయితుండె. ఆయన అడగక అడగక నన్ను అడిగింది ఆ మాట నిలబెట్టుమనే."

ఇక్కడ నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయని రాస్తే బాగుంటుంది. తిరగలేదు. నాకు ముందుగా కలిగింది పోశెట్టి మీద అసూయ. కొడుకు పుణెలో చదివాడన్న అసూయ అప్పటికి పాతబడింది. కాలు విరిగి, తిట్లు తిని, పత్రికలో పేరు లేకుండా పోయిన మనిషి మాటను అన్నేళ్ళు నోరు మూసుకుని నిలబెట్టే కొడుకు అతనికి ఉన్నాడని కడుపు మండింది. పదమూడు రోజుల కింద చనిపోయినవాడి మీద.

సిగ్గు ఇంటికి వచ్చాక వచ్చింది. ఇంకా పోలేదు.